చిన్నాయన కుక్క, వదిన పిల్లి

కుక్కకు విశ్వాసముందని మెచ్చుకునే మీరు, పిల్లి మీకు చేసిన ద్రోహం ఏమిటో ఒక్కటి చెప్పగలరా? పాలు తాగిందంటారు. మూత పెట్టనిది మీరు. ఎదురొచ్చిందంటారు. దాని దారిన అది పోతుంటే మీరే దానికి ఎదురు వెళ్ళి ఉండవచ్చు కదా. కుక్క తోకాడిస్తే మనం పెద్దవాళ్ళమైపోయినట్టు ఉంటుంది. పిల్లి తోకాడించదు. మన ఫిర్యాదంతా అక్కడే ఉందని నా అనుమానం.

మా ఇంట్లో ఈ తగాదా చాలాకాలం నడిచింది. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో మరమగ్గాలు నడిపే కుటుంబం మాది. షెడ్డు కింద, ఇల్లు పైన. చిన్నాయనది కుక్క, మా వదినది పిల్లి.

కుక్క గోధుమరంగు వీధికుక్క. చిన్నాయన దానికి రోజూ రొట్టె పెట్టి, షెడ్డు వెనక తలుపు దగ్గర కాపలాకు కట్టేసేవాడు. ఇందులో ఒక చిన్న చిక్కుంది. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. పెదవులు చూసి, చేతులు ఆడించి మాట్లాడుకుంటాం. అలాంటి చోట మొరిగే కాపలాదారును పెట్టినవాడు సూరత్ మొత్తంలో మా చిన్నాయన ఒక్కడే అయి ఉంటాడు. ఒక మధ్యాహ్నం వెనక తలుపులోంచి ఆవు వచ్చి, సలాబత్‌పురా వ్యాపారికి పంపాల్సిన బట్ట తానును తీరిగ్గా నమిలింది. కుక్క పక్కనే నిలబడి గొంతు చించుకుంది. మా వీపులు దానివైపు ఉన్నాయి.

“అది మొరిగింది. మీకే చెవుల్లెవ్వు,” అన్నాడు చిన్నాయన.

పిల్లి నల్లది. ఎవరూ తేలేదు, తనే వచ్చింది. వదిన పిలిస్తే వినపడిందన్నట్టు ఒక చెవి తిప్పుతుంది, కానీ రాదు. అయితే అది వచ్చాక ఎలుకలు తగ్గాయి. షెడ్డులో ఎలుక అంటే ఏమిటో నేసేవాళ్ళకు తెలుసు. నిలువు దారాలు చుట్టిన బీమును ఒక్కచోట కొరికితే వందల పోగులు తెగుతాయి. ఒక్కొక్క కొసనూ వెతికి వేళ్ళతో అతకాలి. మా ఇంట్లో ఆ పని వదినది. అప్పటికే ఆమెకు దగ్గరి చూపు తగ్గింది. కొస దొరక్క కళ్ళవెంట నీళ్ళు కారేవి. పిల్లి ఉంటే ఆమె కళ్ళు మిగులుతాయి, లేకపోతే లేదు.

ఒకరోజు కొత్త బీము దించుతుంటే పిల్లి చిన్నాయన కాళ్ళ ముందునుంచి పోయింది. బీము జారి ఆయన బొటనవేలిని నొక్కింది. మరునాడు షెడ్లకు కరెంటు ఆపే వారపు సెలవు. మగ్గాలు ఆగిన ఆ నిశ్శబ్దంలో గోనెసంచిలోంచి పిల్లి అరుపు ఇల్లంతా వినపడింది. చిన్నాయన సంచి మూతి కట్టి, దూరంగా పాండేసర అవతల వదిలిరావడానికి ఆటో కోసం చూస్తున్నాడు.

నేను ఊరుకుంటానా, వాదనల్లో పెరిగినవాణ్ణి. పిల్లి ఎదురురాని రోజుల్లో ఎన్ని దెబ్బలు తగిలాయో రాసి చూపమన్నాను. కార్యకారణ సంబంధం గురించి పావుగంట చెప్పాను.

“మంచిగ జెప్తవ్ రా,” అన్నాడు చిన్నాయన. “గిదే ఎలుకలకు జెప్పరాదు? ఇగ పిల్లి ఎందుకు?”

అప్పుడు వదిన మెట్లు దిగివచ్చింది. పిల్లి రాకముందు ఎలుకలు కొరికిన పాత బీము ఒకటి మూలన ఉంది, సగం అతికి వదిలేసినది. దాని ముందు పీట వేసింది.

“తీస్కపో మామా, నేనేమన్న వద్దంటున్ననా? జర గీ పోగులు అతికి పో. రేపటి సంది గీ పని నీదే.”

“గదెంత పని?”

“కూసో మరి.”

చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కొస దొరికింది, దాని జత దొరకలేదు. జత దొరికేసరికి మొదటిది జారిపోయింది. సంచిలో పిల్లి ఆగకుండా అరుస్తోంది.

“దాన్ని జర ఊకోమను.”

“కుక్క మొత్తుకుంటె ఇనాలె, పిల్లి మొత్తుకుంటె ఇనొద్దా మామా?”

మధ్యాహ్నానికి పది పోగులు అతికాయి. వాటిలో మూడు నా కళ్ళముందే ఊడాయి. ఆయన నడుం పట్టుకుని లేచి, ఎవరివైపూ చూడకుండా సంచి మూతి విప్పాడు. పిల్లి బయటికొచ్చి, ఆయన ఉన్నాడన్న గుర్తింపు కూడా లేకుండా బీముల వెనక్కి పోయింది.

“సూడు, విశ్వాసమే లేదు.”

“దానికి పనుంది,” అంది వదిన.

మీ ఇంట్లోనూ ఇలా సంచి పట్టుకున్న పెద్దమనిషి ఉండవచ్చు, అది మీరే కావచ్చు. నాలాగా ఉపన్యాసం ఇవ్వకండి. పిల్లి పోతే ఎవరి కళ్ళు అరిగిపోతాయో, ఆ మనిషి పనిని ఆ పెద్దమనిషి చేతుల్లో పెట్టండి. ఒక పూట చేయించండి. ఇవాళే కూర్చోబెట్టండి.