అమ్మ పాడుతుంది

మొన్న మనవరాలి ఇంగ్లీషు నోటుబుక్కులో "మదర్ సింగ్స్" అన్న వాక్యం చూశాను. కోడూరు బడి గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఆరో తరగతి. ఆదివారం చర్చిలో అందరికన్నా పైకి వినిపించే గొంతు మా అమ్మది. ఆ ఏడు జబ్బు చేసి బందరు ఆసుపత్రిలో ఉంది.

"మనిషి రోజూ చేసే పనైతే క్రియకు చివర ఎస్ పెట్టాలి. ఆ పని ఇక లేదంటే ఎస్ ఉండదు" అన్నారు ఇంగ్లీషు మాస్టారు, బోర్డు మీద "మదర్ సింగ్స్" అని రాసి.

నేను ఎస్ పెడుతున్నంతకాలం అమ్మ పాడుతూనే ఉంటుందని నమ్మాను. పుస్తకం నిండా అదే వాక్యం రాశాను. ఒక్కచోట కూడా ఎస్ మరిచిపోలేదు.

అమ్మను సమాధుల తోటలో పెట్టి వచ్చిన మూడో రోజున కూడా అరుగు మీద కూర్చుని అదే రాస్తున్నాను. ఇంగ్లీషు రాని నాన్న పక్కన కూర్చున్నాడు.

"ఏం రాస్తున్నావమ్మా?"

"అమ్మ పాడుతుంది అని, నాన్నా."

నాన్న ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు.

"పాడేది అని రాయాలమ్మా" అన్నాడు.

నేను పెన్సిలు కింద పెట్టేశాను. ఆ ఏడు ఇంగ్లీషు పరీక్ష తప్పాను. ఎందుకు తప్పావని నాన్న అడగలేదు. అమ్మ లేదన్న సంగతి ఆయన నోట రావడం ఆ అరుగు మీదే మొదటిసారని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.