ధర కోసం ఇక్కడ నొక్కండి

మా ఆవిడ ఈ కథ మొదలుపెట్టగానే నేను పక్క గదిలోకి వెళ్లిపోతుంటాను. ఇవాళ ఆవిడ ఇంట్లో లేదు. కాబట్టి నేనే చెప్పేస్తాను, నా నోటితో చెబితే పరువు పావు వంతయినా మిగులుతుందేమోనని ఆశ. ఒక్క పిండి గ్రైండర్ కొనబోయి, మూడు రోజుల పాటు లేని కంపెనీకి యజమానినై, ఆఖరికి కన్నకూతురి ముందు నోరు మూసుకుని కూర్చున్న వైనం ఇది.

ఐదారేళ్ల కిందటి మాట. అప్పుడు నేను టాటానగర్ పక్కన గోవింద్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌కీపర్ని. బోల్టు నుంచి చీపురు దాకా, రేటు రాయని కాగితం మీద సంతకం పెట్టడని నాకు పేరు. ఆ పేరు కొంచెం తలకెక్కింది కూడా. మా ఇల్లు బాగ్‌బేరాలో. మా ఆవిడ కరుణ ఇంటి దగ్గర ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మేది. మన తెలుగువాళ్లే కాదు, వీధిలో బీహారీలు, ఒడియావాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు.

ఆ ఏడాది చర్చి వార్షికోత్సవానికి, ఆరాధన అయ్యాక రెండు వందల మందికి దోసెలు వేసే పని కరుణకి అప్పజెప్పారు. ఆమెకి వచ్చిన మొదటి పెద్ద పని అది. సరిగ్గా ఆ వారమే మా చిన్న గ్రైండర్ గట్టిగా ఒకసారి దగ్గి, పొగ వదిలి, ఆగిపోయింది.

"ఏవండీ, ఇది ఇంక తిరగదు. జుగ్సలాయి బజారుకెల్లి పెద్దది ఒకటి సూద్దాం," అంది కరుణ.

"ఆ సందుల్లో ఎండలో తిరగడమేటి? అంతా ఫోన్లోనే ఉంది. నేను సూత్తాను కదా," అన్నాను.

చూశాను. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో మాకు కావలసిన గ్రైండర్ దొరికింది. ముందు నుంచి ఫోటో, వెనక నుంచి ఫోటో, బోర్లా పడేసి ఫోటో. రాయి బరువెంతో రాశాడు, మోటారు బలమెంతో రాశాడు, తీగ పొడవెంతో కూడా రాశాడు. ధర ఉండాల్సిన చోట మాత్రం పచ్చటి బొత్తాం ఒకటి పెట్టి, దాని మీద 'ధర కోసం ఇక్కడ నొక్కండి' అని రాశాడు.

నాకు అర్థం కాలేదు. తెర మీద మరకేమోనని లుంగీ అంచుతో తుడిచాను. ఫోన్ ఆపి మళ్లీ వేశాను. అదే బొత్తాం.

మా అమ్మాయి రూతు అప్పుడు పదో తరగతి. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం.

"రూతూ, ధర ఎక్కడుందో సూడమ్మా."

"డాడీ, లిఖా హీ నహీ హై."

రాయనే లేదట. "రాయకపోవడమేటి? అది దుకాణమే కదా?"

"ముఝే క్యా పతా," అని, తనకేం తెలుసన్నట్టు మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

మీరే చెప్పండి. టాటానగర్ స్టేషన్లో రైలు నిలబెట్టి, ఎక్కడికి వెళ్తుందో రాసిన బోర్డు పీకేస్తే ఎలా ఉంటుంది? మరీ ఎక్కువ ధరని సిగ్గుపడి దాచాడా? మరీ తక్కువని భయపడి దాచాడా? రెండూ ఆలోచించి, రెండూ నచ్చక, కరుణని అడిగాను.

"మనిషిని బట్టి సెప్పడానికేమో," అంది పప్పు కడుగుతూ.

స్టోర్‌కీపర్ అన్నవాడు అలాంటి మాట ఒప్పుకుంటాడా? నవ్వేసి బొత్తాం నొక్కాను.

ధర రాలేదు. ఒక ఫారం వచ్చింది. కంపెనీ పేరు రాయనిదే ముందుకు కదలదు. 'కరుణా ఫుడ్స్' అని కొట్టాను. ఎన్ని కావాలి అని అడిగింది. ఒకటి అని కొట్టబోయి ఆగాను. ఒక్కటి అడిగేవాడికి ఎవడు విలువిస్తాడు? పది అంటే టోకు ధర బయటపడుతుంది, అప్పుడు అదే ధరకి ఒకటి పట్టుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయి, పది అని కొట్టాను.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"సార్, పది గ్రైండర్లు కావాలన్నారు?"

"ముందు ధర చెప్పండి."

"మీ బడ్జెట్ ఎంత సార్?"

"ధర తెలిస్తే కదా బడ్జెట్ చెప్పడానికి."

"బడ్జెట్ తెలిస్తే కదా సార్ ధర చెప్పడానికి."

జుగ్సలాయి సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు లారీల్లాగా పది నిమిషాలు అలాగే నిలబడ్డాం. ఎవరూ వెనక్కి తీయలేదు. ఆయన పెట్టేశాక ఇంకొకాయన. సాయంత్రానికి పన్నెండు మంది. ఒకాయన నాకు రాని తమిళంలో మాట్లాడాడు. ఇంకొకాయన మీ షెడ్డు ఎంత పెద్దదని అడిగాడు. నేను మా వంటగది వైపు చూసి, "పెద్దదే," అన్నాను. ఎందుకన్నానో ఈరోజుకీ తెలియదు. ఇంతమందిలో ధర చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆన్‌లైన్‌లో ధర దాచింది చాలక, ఫోన్లో కూడా దాస్తారా?

పదమూడో ఫోన్ మహేష్ భాయ్‌ది. జుగ్సలాయిలోనే దుకాణం. హిందీలో తేనె పూసినట్టు మాట్లాడాడు. "ధరదేముంది భాయ్‌సాబ్, ముందు వస్తువు చూడండి. నేనే తెచ్చి పెడతాను."

మర్నాడు పొద్దున్నే ఆటోలో పెద్ద అట్టపెట్టెతో దిగాడు. మా రెండు గదుల ఇల్లు అటూ ఇటూ చూసి, "ఫ్యాక్టరీ ఎక్కడ?" అన్నాడు.

"ఇది హెడ్డాఫీసు," అన్నాను.

వెనక కరుణ దగ్గింది. మహేష్ భాయ్ గ్రైండర్ బయటికి తీసి బిగించి, ఖాళీ పెట్టెని గోడవారగా నెట్టి, "రెండు రోజులు వాడండి, తర్వాత మాట్లాడుకుందాం," అని వెళ్లిపోయాడు.

అది అద్భుతమైన యంత్రం. పిండి వెన్నలా దిగింది. ఎన్నాళ్లుగానో మణికట్టు నొప్పితో మూలిగే కరుణ, దాని పక్కన పీట వేసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. ఆ ముఖం చూశాక, దాన్ని వెనక్కి పంపడం నా వల్ల కాదని నాకు అర్థమైంది. చర్చి దోసెలకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

రెండో రోజు పని మధ్యలో నేనే ఫోన్ చేశాను.

"ఇప్పుడైనా ధర చెప్పు మహేష్ భాయ్."

"మీలాంటి పెద్దమనిషికి నేను చెప్పడమేంటి? మీ మనసులో ఎంతుందో చెప్పండి."

"ఇరవై ఐదు వేలకి పైసా దాటను," అన్నాను, బల్ల గుద్ది.

అటు నుంచి పెద్ద నిట్టూర్పు. "కష్టమే భాయ్‌సాబ్. కానీ మీ కోసం."

ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఇంకా లాగొచ్చన్నమాట. ఇరవై మూడన్నాను. ఇంకా పెద్ద నిట్టూర్పు. ఇరవై రెండున్నర అన్నాను. "నా పిల్లల నోటి దగ్గరది లాక్కుంటున్నారు," అన్నాడు. నాకు నిజంగా జాలేసింది. వెంటనే ఫోన్లోనే డబ్బు వేసేశాను. మిగతా తొమ్మిది మెల్లగా తీసుకుంటానంటే, ఆయన ఎప్పుడని కూడా అడగలేదు.

మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాను. "ఇరవై ఐదు వేలని ఇరవై రెండున్నరకి దించాను."

"ఇరవై ఐదు అని ఎవురన్నారు?" అడిగింది కరుణ.

"నేనే."

"మీరే సెప్పి, మీరే దించారా?"

"బేరం అంటే అదే," అన్నాను గానీ, ఆ మాట బయటికొచ్చాక నాకే ఎక్కడో తేడా కొట్టింది.

రూతు అప్పటికి ఆ ఖాళీ పెట్టెని పుస్తకాలు పెట్టుకోవడానికి తన మూలకి లాక్కుంటోంది. గోడ వైపున్న పక్క ఇటు తిరిగింది.

"డాడీ, యహా లిఖా హై."

"ఏటి రాసుంది?"

"ప్రైస్. అఠారహ్ హజార్ ఆఠ్ సౌ. టాక్స్ మిలాకే."

నేను వెళ్లి చదివాను. కళ్లజోడు తీసి చదివాను. పన్నులన్నీ కలుపుకుని పద్దెనిమిది వేల ఎనిమిది వందలు. ఊరంతా దాచిన ధర రెండు రోజులుగా మా ఇంట్లోనే ఉంది. "పాత పెట్టేమో," అన్నాను. మిఠాయి పొట్లం విప్పకుండానే బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

కరుణ నా ఫోన్ తీసుకుంది. గొంతు పెంచకుండా హిందీలోనే అడిగింది. "మహేష్ భాయ్, పెట్టె మీద ధర చదువుతున్నాను. ఆదివారం మా చర్చిలో రెండు వందల మంది ఉంటారు, వాళ్లకి కూడా చదవమంటారా?"

ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి ఇచ్చి, కరుణ అడిగిందని ఇంకో మూడు వందలు తగ్గించాడు. కరుణ ఆయనకి కొత్త పిండితో రెండు దోసెలు వేసిపెట్టింది.

"అసలు ధర ఎందుకు దాస్తారు?" అని అడిగింది, మూడోది వేస్తూ.

"రాస్తే జనం చూసి, పక్కవాడి దగ్గర వంద తక్కువుంటే అటు పోతారు భాభీజీ. రాయకపోతే ఫోన్ చేస్తారు. చేసినవాళ్లలో చాలామంది మా ప్రాణం తీసి అడుగుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం," అని నా వైపు మర్యాదగా చూశాడు, "వాళ్లే చెప్పేస్తారు. ఆ ఒక్కరి కోసమే దాస్తాం."

నేను అడిగాను. "మరి ఫ్యాక్టరీ సంగతి నమ్మారా?"

"హెడ్డాఫీసులో లుంగీ ఆరేసి ఉంది భాయ్‌సాబ్."

ఆదివారం దోసెలు బ్రహ్మాండంగా వచ్చాయి. రెండు వందల మందీ తిన్నారు. కరుణ ఒక్కో పళ్లెంలో దోసెతో పాటు ఈ కథ కూడా కొంచెం కొంచెం వడ్డించిందని, తిన్నవాళ్లు నా వైపు చూసిన తీరుని బట్టి తెలిసింది.

అందుచేత, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, కరుణ పక్కనే నిలబడి ఉండగా, ఆ రోజు నేను చేసిన ప్రమాణం ఇది. ఇకమీదట ధర దాచినవాడి బొత్తాం నొక్కను. లేని కంపెనీకి యజమానిని కాను. బేరంలో మొదటి అంకె నా నోట రాదు. మరీ తప్పనిసరై బేరమాడవలసి వస్తే, గొంతు బాగోలేదని సైగ చేసి, ఫోన్ మా ఆవిడకి ఇచ్చేస్తాను.