చదును పాదాల సైన్యం

ఆ రోజుల్లో ఒక దేశం స్థాపించాలంటే పెద్ద కష్టం ఉండేది కాదు. జాగ్రఫీ పుస్తకంలో రుమేనియా, అల్బేనియా ఉన్నప్పుడు మనకో బురదానియా ఎందుకు ఉండకూడదు అని ఒక మధ్యాహ్నం అనిపించింది, సాయంత్రానికి దేశం తయారైపోయింది. రేపల్లెలో బస్సు దిగి కాలవగట్టు వెంట నడిచి రావాల్సిన మా ఊళ్ళో నేలంతా నల్లమట్టి. వానాకాలం వస్తే అడుగు వేసినప్పుడు కాలు బయటికి వచ్చేది గాని చెప్పు లోపలే ఉండిపోయేది. కాబట్టి దేశం పేరు కోసం వెతుక్కోవలసిన పని పడలేదు. దానికి అధ్యక్షురాలిని, ప్రధానమంత్రిని, కోర్టుని నేనే. (జనాభా కూడా ముప్పాతిక మువ్వీసం నేనే.) అప్పటికి సరిహద్దులో యుద్ధం అయిపోయి ఏడాది కూడా కాలేదు. ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా టాంకుల కబుర్లే, అందువల్ల మా దేశానికి కూడా ముందు సైన్యమే కావాలని నాకు గట్టిగా అనిపించింది. బడి, ఆస్పత్రి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

సైన్యం అన్నాక శత్రువు ఉండాలి కదా. బాపట్లలో మా మావయ్య కొడుకు ఒకడుండేవాడు, నాకు బావ వరస. వాళ్ళది ఇసుక నేల. వచ్చినప్పుడల్లా "మా ఊళ్ళో వాన వెలిసిన మరుక్షణం గోళీలాడుకోవచ్చు, మీ ఊళ్ళో దీపావళి దాకా కాలు ఆరదు" అని ఎద్దేవా చేసేవాడు. ఆ కడుపుమంట కొద్దీ వాడి దేశానికి ఇసుకానియా అని నేనే పేరు పెట్టి, వాడితో మాటమాత్రం చెప్పకుండా యుద్ధం ప్రకటించాను. (ఆ శత్రురాజునే తర్వాత పెళ్ళి చేసుకున్నాను. సంధి మాత్రం ఇంకా కుదరలేదు.) ఇక ఆయుధాలన్నీ గొడ్లపాక గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. పురుగుమందు పంపులో కారం పోసి చల్లే ఫిరంగి ఒకటి. కుడితి గోలెం బోర్లించి కాలవలో వదిలే జలాంతర్గామి ఒకటి. అన్నిటికంటే గొప్పది టాంకు. దానికి ముందొక గొట్టం, వెనకొక గొట్టం, యుద్ధం మధ్యలో సైనికులు భోంచేయడానికి అరుగు, ఆవకాయ జాడీ పెట్టుకునే గూడు. నాయనమ్మ పండగకీ పబ్బానికీ ఆ గోడ అలికేసేది. మా రక్షణ రహస్యాలన్నీ పేడ కింద అలా భద్రంగా ఉండేవి.

ఆ వానాకాలంలోనే మా బాబాయి మిలిటరీ సెలక్షన్‌కు వెళ్ళి వచ్చాడు. బాబాయి అంటే మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు, తెనాలిలో చదువుకుని వచ్చినవాడు, నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిరణాళ్ళన్నీ చూపించినవాడు. బాబాయంటే నాకు ప్రాణం. సెలక్షన్‌కు వెళ్ళే రోజున ఊరు ఊరంతా వచ్చి దండ వేసి, నుదుట తిలకం దిద్ది బస్సెక్కించారు. ఇంకా ఎంపికే కాలేదు, అప్పుడే ఇంత హడావుడి ఏంటని ఒక్కరికీ తోచలేదు. మా ఊళ్ళో మనిషిని సాగనంపడమంటే అంత సరదా. తీరా అక్కడ తడికాళ్ళతో గచ్చు మీద నిలబెట్టి, అడుగు ముద్ర చూసి పక్కకు తప్పుకోమన్నారట. అందరి పాదానికీ మధ్యలో పల్లం ఉంటుంది, ముద్రలో అక్కడ ఖాళీ కనిపిస్తుంది. మా బాబాయి పాదం అప్పడాల పీటలాగా మొత్తం పడిందట. ఆఫీసరు మంచివాడే, కసరలేదు. "ఇంటి దగ్గరే ఉండండి, అవసరమైతే మేమే కబురు చేస్తాం" అన్నాడట. ఆ మాట పట్టుకుని మా బాబాయి పోస్టుమాన్ సైకిలు గంట వినపడినప్పుడల్లా అరుగు మీదకు వచ్చి నిలబడేవాడు. కబురు రాలేదు.

ఆ తర్వాత బాబాయి వీధిలోకి రావడం మానేశాడు. వస్తే చాలు, బోర్డరుకి ఎప్పుడు వెళ్తున్నావురా అని ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు. ఇంట్లో కూడా బూట్లు వేసుకుని తిరిగేవాడు, వాటితోనే మంచం మీద కూర్చునేవాడు. నాయనమ్మ ఎంత మడిగల మనిషైనా ఆ బూట్ల సంగతి ఎత్తలేదు. చివరికి ఒకరోజు మద్రాసు వెళ్ళిపోతున్నానని చెప్పాడు. ఏం పనికో తెలియదు, ఎవరి దగ్గరికో తెలియదు, ఈ ఊళ్ళో మాత్రం తలెత్తుకుని తిరగలేనన్నాడు. పెట్టె సర్ది మంచం కింద పెట్టాడు. నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. బాబాయి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకూ ఏడుపొచ్చింది. కానీ నేనొక దేశాధ్యక్షురాలిని. ఏడవడానికి వీల్లేదు కాబట్టి, టాంకు గీయడం చేతకావడం లేదు, ఒక్కసారి వచ్చి చూడమని బాబాయి చొక్కా పట్టుకుని గొడ్లపాకలోకి లాక్కుపోయాను.

బాబాయి మొహమాటానికి చూశాడు. అరుగు, ఆవకాయ గూడు చూసి కూడా నవ్వలేదు. తర్వాత నా చేతిలో బొగ్గుముక్క తీసుకున్నాడు.

"మీ దేశంలో నేల ఎట్టా ఉంటదే?" అన్నాడు.

"మన చేలో లాగానే."

"అయితే ఇది కదలదమ్మా. ఇంత సన్నటి చక్రం ఇరుసుదాకా దిగబడిపోద్ది. బురదలో నిలబడాలంటే పాదం వెడల్పుగా ఉండాలి. ఎంత చదునుగా ఉంటే అంత తేలుద్ది."

అని, తానేమన్నాడో తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. తన బూట్ల వంక చూసుకున్నాడు. నేనప్పుడు ఓదార్చాలని అన్నానంటే అబద్ధం. నాకు అది దేశ రక్షణ సమస్యగానే కనిపించింది. "అయితే బాబాయ్, మా సైన్యంలోకి నీలాంటి కాళ్ళున్నవాళ్ళనే తీసుకుంటాం. గుంట పాదాలవాళ్ళు అక్కర్లేదు" అన్నాను.

చట్టం చేసిన మీదట అమలు చేయాలి. బిందెతో నీళ్ళు తెచ్చి వసారా గచ్చు మీద పోసి ఇంటిల్లిపాదినీ పిలిచాను. నాన్న చేలోకి వెళ్తూ వెళ్తూ ఒక అడుగు వేశాడు, నడిమి భాగం పడలేదు, ఫెయిలు. నాయనమ్మ ముద్రలో వేళ్ళూ మడమా తప్ప ఏమీ లేవు, ఫెయిలు. పెరట్లో బాతులు వరసగా నడిచిపోయాయి, అన్నీ పాసు. నేను ఎంతో ధీమాగా అడుగు వేసి చూసుకుంటే మధ్యలో ఇంత ఖాళీ. మడమ నొక్కి, ఒరిగి, ఎగిరి దూకి ఎన్ని తంటాలు పడ్డా ఆ ఖాళీ పూడలేదు. నేను పెట్టిన సైన్యంలో నాకే చోటు లేకుండా పోయింది. కళ్ళనీళ్ళు తిరిగినా చట్టం చట్టమే కాబట్టి నన్ను నేనే తీసేసుకున్నాను. అప్పుడు బాబాయి మెల్లగా బూట్లు విప్పి, నీళ్ళలో తడిపి, గచ్చు మీద నిలబడ్డాడు. వెడల్పాటి ముద్ర, మచ్చుకైనా ఖాళీ లేదు. సెలెక్టయ్యావని నేను ప్రకటించాను. బాతుల వంకా నా వంకా చూసి బాబాయి నవ్వాడు, ఇన్నాళ్ళకి. నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట బాబాయి కంచంలో నెయ్యి మళ్ళీ మళ్ళీ వడ్డించింది. పెట్టె మాత్రం మంచం కిందే ఉంది.

వెళ్ళేలోపు నా టాంకు పూర్తి చేసిపెడతానన్నాడు బాబాయి. పెరట్లో పాత బండి ఒకటి ఉండేది. దాని చక్రాలకు అడ్డంగా తాటి చెక్కలు బిగించి అడుగు వెడల్పు చేశాడు. మడికి నీళ్ళు పెట్టే తాటి దోనె ఎక్కించి ఫిరంగి చేశాడు. నిజం టాంకుల్ని శత్రువుకి కనపడకుండా కొమ్మలతో కప్పుతారని చెప్పగానే, మన ఊళ్ళో కనపడకూడదంటే గడ్డివాములా ఉండాలని నేను సలహా ఇచ్చాను. బండి మొత్తం ఎండుగడ్డి పరిచి తాళ్ళతో కట్టి చేలగట్టున నిలబెట్టాం. రెండడుగుల దూరంలో నిలబడి చూస్తే అచ్చం వామే. మేమిద్దరం మురిసిపోయాం.

మర్నాడు మావయ్య బాపట్ల నుంచి వచ్చాడు, శత్రురాజును వెంటబెట్టుకుని. నేను యుద్ధం మొదలుపెట్టబోతే నాయనమ్మ అడ్డుపడింది. మేనమామ ఇంటివాళ్ళు గుమ్మంలోకి వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిచ్చి భోజనం పెట్టాలి, ఏదైనా ఆ తర్వాతే. దాంతో ఇసుకానియా చక్రవర్తి పీట మీద కూర్చుని గారెలు తింటుంటే బురదానియా అధ్యక్షురాలు విసనకర్ర పట్టుకుని విసరాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడు మా గేదె పలుపు తెంపుకుంది. తరతరాలుగా గేదెల్ని పెంచుకుంటున్న ఇంట్లో పుట్టి, ఆరుబయట ఎండుగడ్డి పరిస్తే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. గేదె తాపీగా టాంకు ముసుగంతా తినేసింది. తిన్నాక తల ఎత్తబోతే కొమ్ములకు తాళ్ళు చుట్టుకున్నాయి. తాటి దోనె దభీమని కింద పడింది, గేదె బెదిరింది, టాంకును లాక్కుంటూ దమ్ము చేసిన మడిలోకి దూకింది.

కేకలు విని అందరం ఎంగిలి చేతులతోనే పరుగెత్తాం. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. ఊళ్ళోవాళ్ళు గట్టు మీదకు చేరారు. అందరికంటే ముందు బాబాయి, బూట్లు వేసుకోవడం మర్చిపోయి, వట్టి కాళ్ళతో మడిలోకి దిగి గేదెను అందుకున్నాడు. వెనక దిగిన మావయ్య మోకాలిదాకా కూరుకుపోయాడు. బాబాయి మాత్రం తేలిపోతూ వెళ్ళినట్టు అనిపించింది నాకు. (నిజమో, నా అభిమానమో ఇప్పటికీ తెలియదు.) గేదె నిలబడింది, దాని వెనక టాంకూ నిలబడింది. ముందురోజు అదే మడిలో నారు కట్టల బండి దిగబడితే రెండు జతల ఎడ్లతో లాగించాడు నాన్న. ఇప్పుడీ బండి బురద పైనే ఉంది. నాన్న దాని చుట్టూ తిరిగి, వంగి చెక్కలు తట్టి చూశాడు.

"ఇయ్యి ఎవరు బిగించార్రా?"

"నేనే అన్నయ్యా."

బాబాయి తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాడు. నాన్న తమ్ముడి కాళ్ళ వంక చూడకుండా, బండి వంకే చూస్తూ అన్నాడు.

"రేపు నారు బండికి కూడా బిగించు. అది చూసి ఊళ్ళో అందరూ అడుగుతారు. మద్రాసు ఎక్కడికీ పోదులే."

ఆ సాయంత్రం నాయనమ్మ పెట్టెలో బట్టలన్నీ తీసి ఉతికి ఆరేసింది. వానాకాలం, అవి ఆరేసరికే చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ పెట్టె ఎవరూ సర్దలేదు. కొన్నేళ్ళకు మా వైపు ట్రాక్టర్లు వచ్చినప్పుడు, బాబాయి తెనాలిలో వెల్డింగు షెడ్డు పెట్టి, బురదలో దిగే ట్రాక్టర్లకు ఇనప చక్రాలు చేశాడు. దానిమీదే పిల్లల్ని చదివించుకున్నాడు. షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా నన్ను పనివాళ్ళకు మా రక్షణ మంత్రిగారని పరిచయం చేసేవాడు. మా ఇంటాయన మాత్రం ఈనాటికీ ఎవరింటికి వెళ్ళినా, ప్రపంచంలో గేదె తినేసిన టాంకు ఒక్కటే ఉందండి, అది మా అత్తగారింటిది అని మొదలుపెడతాడు.

మొన్న స్నానం చేసి తడికాళ్ళతో హాల్లోకి వస్తూ ఎందుకో వెనక్కి చూశాను. మడమల నొప్పికి చూపించుకుంటే డాక్టరు, వయసుతో పాదాలు చదునైపోయాయండి అని చెప్పి చాలా రోజులైంది, నేనే పట్టించుకోలేదు. నేల మీద నా అడుగు నిండుగా, వెడల్పుగా, మధ్యలో ఏ ఖాళీ లేకుండా పడి ఉంది. ఈయన్ని పిలిచి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, ఇసుకానియా తరఫున అభినందనలన్నాడు. నేను వెంటనే తెనాలికి ఫోను చేశాను. ఎనభై దాటిన బాబాయి గొంతు సన్నబడింది గాని చెవులు చురుకే.

"బాబాయ్, నా పాదం మొత్తం పడింది. ఇప్పుడైనా తీసుకుంటారా?"

బాబాయికి గుర్తుందో లేదో అనుకున్నాను.

"ఇంటి దగ్గరే ఉండమ్మా, అవసరమైతే మేమే కబురు చేస్తాం" అన్నాడు.

ఫోను పెట్టేశాక, ఆ ముద్రను ఎవరూ తొక్కకుండా, అది ఆరిపోయేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.