పడవకు కట్టిన మంచం నవారు

ఆ కబురు నాకు మొదట చెప్పింది గోడకవతలి చాచీ. పోలీసు చర్య అయి రెండు నెలలు దాటింది. నేను మెట్టుగూడకు కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని ఉంటే గోడ మీదుగా తల పెట్టి, "బిడ్డా, మీ చాచా నౌకరీ ఇయ్యాల్టితోని ఖతమయ్యేటట్టున్నది" అంది.

చాచా హుస్సేన్ సాగర్‌లో దొరల పడవలు చూసుకునేవాడు. చాచా, చాచీ ఉండే ఇల్లు కూడా ఆ నౌకరీతో వచ్చిందే. ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ పడవను కొత్తగా వచ్చిన మిలిటరీ అధికారికి అమ్మాడు. వార్నీష్ వేయడానికి చాచా దాన్ని తన వాకిట్లోనే పెట్టుకున్నాడు. పది గంటలకల్లా పడవ చెరువు ఒడ్డున ఉండాలని, ఒక్క గీత పడినా వేరే పని చూసుకోమని ఆ అధికారి చెప్పాడట. జీపునూ, దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రైలర్‌నూ పంపాడు. తాడు మాత్రం పంపలేదు.

చాచా దగ్గర ఉన్నది కొబ్బరి తాడు. అది ఒక్కసారి రాసుకుంటే చాలు, కొత్త వార్నీష్ మీద పిల్లి గీరినట్టు చారలు పడతాయి. చాచీ పాత చీర ఒకటి చింపి కట్టబోతే పర్రున పోయింది.

అప్పుడు నా కన్ను వసారాలో ఉన్న మా అత్తగారి మంచం మీద పడింది. జానెడు వెడల్పు నూలు నవారు, మెత్తనిది, ఏనుగును కట్టినా తెగనిది. నెలకోసారి విప్పి, తానే ఉతికి, మిద్దె మీద ఆరేసి, తానే అల్లుకునేవారు. దాని మీద ఇంకెవరూ కూర్చోకూడదు.

అత్తగారు లోపల పూజలో ఉన్నారు. వేయి నామాలూ పైకే చదువుతారు కనుక ఎంతసేపు దొరుకుతుందో నాకు తెలుసు. మూడు వందల నామాల దగ్గర ముడి ఊడింది. ఆరు వందలకు సగం నవారు చాచీ చేతికి పోయింది. తొమ్మిది వందలకు మంచానికి కోళ్ళూ పట్టెలూ మిగిలాయి. దేవుడి నామాలతో దొంగతనానికి లెక్క కట్టినందుకు ఇప్పటికీ లెంపలు వేసుకుంటాను. ఆ రోజు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను.

చాచా జీపు డ్రైవరు సాయంతో పడవను ట్రైలర్ మీదికి ఎక్కించి, కింద గడ్డి కూరిన గోనెసంచులు పెట్టాడు. పడవ ముక్కును ముందుకు లాగి నవారు కొసతో ట్రైలర్ ముందుండే ఇనుప కాడికి కట్టాడు. మిగతా నవారును వెనక భాగం మీదుగా వేసి, రెండు వైపులా కింది ఇనుప చట్రానికి బిగించాడు. తర్వాత పడవను పట్టుకుని ఊపాడు.

"చూడు బిడ్డా. పడవ, బండి ఒక్కటై ఊగాలె. పడవొక్కటే ఊగిందంటే మనం కట్టనట్టే."

ఒక్కటై ఊగాయి. సరిగ్గా అప్పుడే వసారాలోంచి కేక వినిపించింది.

"ఓ పిల్లా! నా మంచానికి ఎముకలే మిగిలినయేందే!"

చాచీ పడవ వెనక్కి తప్పుకుంది. అత్తగారు జపమాలతో వీధిలోకి వచ్చి పడవను చూశారు, నవారును చూశారు, చివరికి నన్ను చూశారు.

చాచా చేతులు జోడించాడు. "అక్కా, నా నౌకరీ..."

"నీ నౌకరీ సంగతి నాకు తెల్వదు తమ్మీ. నా నవారు యాడికి పోతే నేను సుత ఆడికే." జీపు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నారు. "నువ్వు సుత ఎక్కవే దొంగా! నిన్ను ఇంట్ల ఇడిసిపోతే తలుపులు సుత ఇప్పుతవ్."

డ్రైవరు పంజాబీ జవాను. మా మాట ఒక్కటీ రాకపోయినా "మాతాజీ" అని సర్దుకుని చోటిచ్చాడు. చాచా, నేను వెనక కూర్చున్నాం.

రైల్వే స్టేషను దాటి జీపు వేగం అందుకోగానే గుయ్యిమని మోత మొదలైంది. వేగం పెరిగిన కొద్దీ మోత పెరిగింది. పోలీసు చర్య నాటి విమానాల చప్పుడు జనం ఇంకా మరిచిపోలేదు. "మల్ల వచ్చిన్రురో!" అంటూ ఒకాయన దుకాణం తలుపులు మూసేశాడు. కూరగాయలమ్మే ఆమె గంప నెత్తిన బోర్లించుకుంది, వంకాయలన్నీ రోడ్డు మీదకు దొర్లాయి. డ్రైవరు జీపు ఆపి ఆకాశం చూశాడు. మోత ఆగిపోయింది. కదిలితే మళ్ళీ గుయ్యి.

చాచా ముఖం పాలిపోయింది. "చెక్క పగుల్తున్నదేమో బిడ్డా. అయిపోయిన."

అత్తగారు నింపాదిగా దిగారు. "చెక్క గాదు, గది నా నవారు. మిద్దె మీద ఆరేస్తే గాలికి గట్లనే ఏడుస్తది. ఒక మెలి వేస్తే నోరు మూస్తది. మీకు నవారు విప్పుడొస్తది గని, కట్టుడు రాదు."

మెలి వేద్దామని నవారు పట్టుకున్న చాచా చేయి అలాగే ఆగిపోయింది. కుదుపులకు గోనెసంచులు అణిగి, నవారు నాలుగు వేళ్ళు దూరేంత వదులైంది. ఇంకో మలుపు తిరిగి ఉంటే పడవ పక్కకు జారి చట్రానికి రాసుకునేది. ముగ్గురం లాగి బిగించాం, మెలి వేశాం. ఊపి చూశాం. అక్కణ్ణుంచి చెరువు దాకా చప్పుడు లేదు.

అధికారి పడవకు రెండు వైపులా అరచేయి రాసి చూశాడు, వంగి అడుగు భాగమూ చూశాడు. గీత దొరకలేదు. జీపులో ముసలావిడ ఎవరని అడిగాడు. తాడు ఆమెదేనని చాచా ఉర్దూలో చెప్పాడు.

"నీ పడవ మంచిదే గని, నా నవారు నాకిప్పియ్యి కొడుకా" అన్నారు అత్తగారు తెలుగులోనే. ఆయనకు ఏం అర్థమైందో గానీ, నవ్వి విప్పమన్నాడు. పోతూ పోతూ చాచాకు ఏదో చెప్పాడు.

"ఏమన్నడు తమ్మీ?"

"ఎల్లుండి వచ్చి తెరచాప కుట్టియ్యమన్నడు అక్కా." అంతే, చాచా ఒడ్డునే కూలబడి ముఖం కప్పుకున్నాడు. అత్తగారు అటు చూడకుండా, నవారు చుట్టుకుంటూ, ఎక్కడ మురికైందో నాకు పదేపదే చూపించారు.

ఆ మంచం తిరిగి అల్లడం నా శిక్ష. మూడుసార్లు విప్పించారు. ఆ పుణ్యమా అని నాకు నవారు అల్లడం వచ్చింది. దేవుడు నాకు నేర్పినవన్నీ ఇలా ఎవరో ఒకరి కోపంలోంచే నేర్పాడు.

చాచా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆ చెరువు దగ్గరే పనిచేశాడు. మా అత్తగారిని తలచుకోవడానికి కోడళ్ళూ మనవలూ మేం ఇంతమందిమి ఉన్నాం. చాచాకూ చాచీకీ పిల్లలు లేరు. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకునేవారైనా సరే, ఇవాళ ఒక్కసారి, పడవను ఊపి చూసుకున్న ఆ చాచాను కూడా తలచుకోండి.