మాస్టారికి పడిన గాలి

మా భూగోళం మాస్టారు పోయారు. రేపల్లె వైపు నుంచి మా కొట్టుకు కొబ్బరికాయలు తెచ్చినాయన మజ్జిగ తాగుతూ, మాటల్లో మాటగా చెప్పాడు. ఉబ్బసం ఎక్కువై ఊపిరి అందలేదట. "ఈ ముసురుకు తట్టుకోలేకపోయాడండీ" అన్నాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మాస్టారి గురించి మంచే రాస్తాను. మా ఊరి గురించి మాత్రం నావల్ల కాదు.

ఆయన పుట్టింది డెల్టాలో. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పొడిగాలి ఉన్నచోట ఉండమని వైద్యుడు చెబితే, జిల్లా బోర్డు వాళ్లను బతిమాలి మా గురజాల బడికి వేయించుకున్నారు. పల్నాడు బదిలీ అంటే శిక్ష కింద లెక్క. అడిగి మరీ వచ్చిన పంతులు మాకు ఆయనొక్కరే. "ఇక్కడికొచ్చాకే వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాను" అనేవారు. మా వాళ్లు నవ్వేవాళ్లు. పెద్దమనిషి, మన ఊరిని చిన్నబుచ్చలేక అట్లా అంటున్నాడనుకునేవాళ్లు.

పాఠం చెప్పటానికి ఆయనకు గోడ మీది పటం చాలేది కాదు. బడి వెనక నేల మీద మద్రాసు రాష్ట్రం గీసేవారు. మలబారుకు వేపమండలు పరిచి, దాని పక్కన పడమటి కనుమలకు రాళ్లు పేర్చేవారు. రాయలసీమకు ఎర్రమన్ను, డెల్టాకు తడిపిన నల్లమట్టి. మా పల్నాడుకు ఒక నాపరాయి ముక్క. ఆ తర్వాత చెంబుతో నైరుతి వాన వచ్చేది. నీళ్లన్నీ మలబారు మీదే గుమ్మరించి, కనుమలు దాటాక వేళ్లు తడుపుకుని మా రాయి మీద చిలకరించేవారు.

"మనకంతేనా సార్?" అని ఏడుపు మొహంతో అడిగేవాళ్లం.

"అంతే. ఆ మలబారులో నేను నెల బతకనురా. ఏ గాలి ఎవరికి పడుతుందో వాళ్లనే అడగాలి" అనేవారు.

మలబారుకు అధిక వర్షం, పల్నాడుకు అల్ప వర్షం అని బట్టీ పట్టి పాసయ్యాం. ఆ చివరి మాట పరీక్షలో రాదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

ఎండాకాలం సాయంత్రాల్లో వడగాలికి జడిసి మేం తలుపులు మూసుకుంటే, ఆయన తన అరుగు మీది నాపరాతి పలక మీద కూర్చుని నిమ్మళంగా గాలి పీల్చుకునేవారు.

ఆయన చేతికింద చదివిన పిల్లలు పైకొచ్చారు. ఊరికి కృతజ్ఞత పుట్టింది. అదే ఆయన ప్రాణం తీసింది. మా పెదనాన్న పూనుకున్నాడు. "పచ్చటి పొలాలొదిలేసి ఈ రాళ్లల్లో మాడిపోతన్నాడు పాపం" అని పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని గుంటూరు పోయి, ఆయన సొంతూరి పక్కకే బదిలీ వేయించుకొచ్చాడు. ఆయన్ని ఒక్కమాట అడగలేదు. సభ పెట్టి, దండ వేసి, అప్పుడు చెప్పారు.

మాస్టారు మెడలో దండ తీసి పక్కన పెట్టారు. "నాకు ఇక్కడి గాలే పడుతుందండీ" అన్నారు.

"మొగమాటపడబాకండి పంతులుగారూ. ఈడ కావాలని ఎవడుంటాడు?" అన్నాడు పెదనాన్న. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన బోర్డుకు మొరపెట్టుకున్నారు. మీ ఊరివాళ్లే అడిగి వేయించుకున్నది, రద్దు చేసేది లేదన్నారు వాళ్లు. వెళ్లేటప్పుడు ఆ అరుగు మీది పలకను మాత్రం అడిగి తీసుకుని రైలుకు వేయించుకున్నారు. రాళ్లు మోసుకెళ్తున్నాడని స్టేషన్లో మావాళ్లు మళ్లీ నవ్వారు.

కబురు చెబితే పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. "చానా మంచోడు. పోనీలే, మన పుణ్యాన సొంతగడ్డ మీద పోయాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తను చేసిందేమిటో పెదనాన్నకు ఇప్పటికీ తెలియదు. చెప్పినా నమ్మడు.

పదోరోజుకు మాస్టారి ఊరు వెళ్లాను. ముసురు తగ్గలేదు. ఇంటిచుట్టూ చేలల్లో నీళ్లు, గోడలకు చెమ్మ. వసారాలో ఆ పలక ఉంది, పాచి పట్టి పచ్చగా.

"రోజూ రుద్ది కడుగుతానే ఉన్నాను నాయనా, తెల్లారేసరికి మళ్లీ పడుతుంది" అన్నారు మాస్టారి భార్య. "పొద్దున లేవగానే దాని మీద చెయ్యి పెట్టి చూసుకునేవారు, కాస్తన్నా వెచ్చబడిందేమోనని."

నేనూ పెట్టి చూశాను. అరచెయ్యి తడిసింది.