మా చెల్లి బస్ అంటే

మా చెల్లికి అయిదో ఏడు వచ్చినా నోట మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. నూలు కండెలను రంగుల వారీగా వరస పెట్టుకునేది, ఎవరైనా కదిపితే ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఇప్పుడైతే ఈ తీరుకో పేరు పెట్టి, నేర్పే పద్ధతులు చెబుతారు. ఆ రోజుల్లో షోలాపూర్‌లోని మా సాలెవాడ మొత్తం 'మూగది' అనేసి చేతులు దులుపుకుంది. నాకు ఒళ్లు మండేది.

అలాంటి పిల్ల ఒక మధ్యాహ్నం, అమ్మ నిలబడే వంగి కంచంలో జొన్నరొట్టె విరిచి వేస్తుంటే, తలెత్తి "బస్" అంది.

మాట! నిక్షేపంలాంటి మాట! మా ఇళ్లలో బస్ అంటే చాలు అని. "సాలా బిడ్డా? సాలన్నవా?" అంటూ అమ్మ పట్టలేని సంతోషంతో కంచం తీసేసింది. చెల్లి నేల మీద పడి దొర్లి ఏడ్చింది. మళ్లీ పెడితే మళ్లీ బస్, మళ్లీ కంచం మాయం. మేం వాడంతా పుట్నాలూ బెల్లం పంచుతుంటే, మాట వచ్చిన పిల్ల అరకడుపుతో చిక్కి సగమైంది. పెడదామంటే, దాని మాట కాదన్నందుకు మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని అమ్మకు భయం.

ఈ వింత చూడటానికి పక్కింటి మరాఠీ ఆవిడ వచ్చింది, మేం మావశి, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. మా మధ్యే ఉండి మా తెలుగు పట్టేసిన మనిషి. చెల్లి రోజూ పోయి కూర్చునేది ఆమె గడపలోనే. అమ్మ కంచం పెట్టి, నాన్న మగ్గానికి కండెలు చుట్టడానికి లేవబోయింది. చెల్లి "బస్" అంది. అమ్మ చెయ్యి మళ్లీ కంచం మీదికి పోయింది.

"అగ బాయీ! గదెందుకు గుంజుకుంటవ్?" అని మావశి అరిచింది. "మా మరాఠీల బస్ అంటె కూసో అని. నా దగ్గరికొస్తె బస్ గ, బస్ అంట. ఉత్తగ అనుడు కాదు, నేనే ముందల కూసుంట. నన్ను సూసి అది కూసుంటది. ఇప్పుడు నిన్ను కూసోమంటున్నది!"

అమ్మ చతికిలబడింది. చెల్లి కంచం ఖాళీ చేసింది.

ఇక చూసుకోండి! నోరు విప్పితే పని జరుగుతుందని దానికి తెలిసిపోయింది. సాయంత్రానికి వాడలో నిలబడ్డ మనిషి లేడు. బిందెతో వచ్చిన అత్తకు బస్. గాజులమ్మే ఆయనకు గంపతో సహా బస్. దర్జాగా వచ్చిన సావుకారికీ బస్. "కూసోండ్రి, లేకుంటె మా సెల్లె మాట ఉత్తగ పోతది!" అని నేను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి కూలేస్తున్నాను. నవ్వీ నవ్వీ మాకు పొట్టలు నొప్పెట్టాయి.

ఇంతలో లోపల మగ్గం ఆగింది. "ఏమేవ్, కండెలేవి?" అని నాన్న కేక.

అమ్మ చెల్లి పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె అలా ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. కళ్లలో నీళ్లు, నోటి నిండా నవ్వు.

"నా బిడ్డ కూసోమన్నది, నేను లెవ్వ. నువ్వే వచ్చి సుట్టుకో!"