తెగని బోల్టు

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి. ఆ రేసు కారు ఇంజిన్ ఎందుకు పగిలిందని జయరాజ్‌ను అడిగారు, కారు నడిపిన వికాస్‌ను అడిగారు, ఆయిల్ అమ్మినవాణ్ణి కూడా అడిగారు. ఆ ఇంజిన్ కింది సగాన్ని నా చేతులతో కట్టిన నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. అనుమానించడానికి కూడా నేను పనికిరాలేదన్నమాట. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని ఇప్పుడు అనడం తేలిక. ఆ బరువు మాత్రం నాతోనే నిద్ర లేస్తోంది, నాతోనే పనికి వస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తిరుమలగిరిలో మాకొక షెడ్డు ఉండేది. నాదీ, జయరాజ్‌దీ. నాకంటే చిన్నవాడు, అన్నా అనేవాడు. రేసు కార్లకు ఇంజిన్లు కట్టేవాళ్లం. షార్ట్ బ్లాక్ నా పని. అంటే ఇంజిన్ కింది సగం: ఇనుప దిమ్మ, అందులో తిరిగే క్రాంకు, పైకీ కిందికీ ఆడే పిస్టన్లు, ఆ రెండింటినీ కలిపే రాడ్లు. కారు ఎంత వేగంగా పోతుందన్నది అందరూ చూస్తారు. ఆ వేగానికి పగలకుండా ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఈ కింది సగంలో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. మోండా మార్కెట్‌లో పాత నూలు చీరలు కొని, ఉతికి ఆరేసి, వాటితోనే లోపలి భాగాలు తుడిచేవాణ్ణి. ఒక్క పోగు రాలినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఒక్కో రాడ్డును క్రాంకుకు పట్టి ఉంచేవి రెండే బోల్టులు. సరిగ్గా బిగిసిన బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. ఆ సాగుడే దాన్ని వదులు కాకుండా ఆపుతుంది. ఆ సాగుడును గేజీతో కొలిచి, సరిపోయిందనుకున్నాకే బోల్టు తల మీద పసుపు రంగుతో ఒక గీత గీసేవాణ్ణి. గీత పడిందంటే ఆ బోల్టు పని అయిపోయినట్టు. తర్వాత జయరాజ్ అడుగున ఆయిల్ తొట్టి బిగించి ఇంజిన్ మూసేవాడు. మూసినవాడే జవాబుదారీ. అది మా షెడ్డు పద్ధతి.

అంతకుముందు ఒక రేసు గెలిచాం. వికాస్ అందరి ముందూ జయరాజ్‌కు శాలువా కప్పాడు. ఇతని చేతి ఇంజిన్ అన్నాడు. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని ఫోటో దిగారు. ఆ ఫోటో తీసింది నేనే. ఫోను నా చేతికిచ్చి, కొంచెం వెనక్కి జరగండి అన్నారు. జరిగాను. ఇంత చిన్న విషయం ఇప్పుడెందుకని మీరు అనుకోవచ్చు. నాకు చిన్న విషయాలు ఉండవు.

అప్పటి నుంచి జయరాజ్‌ను గమనించడం మొదలుపెట్టాను. పొద్దున షెడ్డు తెరిస్తే నా గేజీ నేను పెట్టిన చోట ఉండేది కాదు. పానా పెట్టెలో తిరగేసి ఉండేది. నేను ఇంటికి పోయాక నా బోల్టులను మళ్లీ కొలుస్తున్నాడని నాకు ఖాయమైంది. నన్ను నమ్మడం లేదు. నమ్మడం లేదని చెప్పే మర్యాద కూడా లేదు. ముఖం మీద అన్నా అంటాడు, వెనక నా పని దిద్దుతాడు. గేజీ తుడవడానికి తీసి ఉండొచ్చని, పానా తన పనికే వాడుకుని ఉండొచ్చని నాకెందుకు తట్టలేదు? తట్టింది. తట్టినా పక్కకు నెట్టాను. అనుమానం నాకు తోడుగా ఉండేది; అది పోతే శాలువా గురించి ఒంటరిగా ఆలోచించాలి.

కాబట్టి వల పన్నాను. వికాస్ కొత్త ఇంజిన్‌లో, శనివారం సాయంత్రం, ఒకే ఒక్క బోల్టును సగం బిగువు దగ్గర ఆపేశాను. కొలవలేదు. దాని మీద కూడా పసుపు గీత గీశాను. సోమవారం పొద్దున్నే వచ్చి కొలుద్దామని నా ఆలోచన. బిగిసి ఉంటే దొంగ దొరికినట్టే. లేకపోతే నేనే బిగించేస్తాను, ఎవరికీ తెలియదు. గీత గీస్తున్నప్పుడు చెయ్యి వణికిందని రాయాలని ఉంది. వణకలేదు. అన్నిటికంటే తిన్నగా వచ్చిన గీత అదే.

సోమవారం నేను వెళ్లేసరికి ఇంజిన్ మూసేసి ఉంది. జయరాజ్‌తో ఆడిన ఆ మాటలు ఈ రోజుకీ చెవిలో ఉన్నాయి.

"అప్పుడే మూసేశావా?"

"నిన్న చర్చి అయినంక వచ్చి మూసిన అన్నా. వికాస్ ఫోన్ల మీద ఫోన్లు. పరేషాన్ జేసి పెట్టిండు."

"లోపల చూసుకున్నావా?"

"ఏం జూడాలె?"

"బోల్టులు."

"నీ గీత ఉంది గద! దాని మీద చెయ్యి పెడితే నన్ను బతకనిస్తవా?" నవ్వాడు. "పొద్దుపొద్దుగాల పోలీసోని లెక్క అడుగుతున్నవ్. పా, జెర చాయ్ తాగుదాం."

అతను నిజమే చెప్పాడు. ఇంత సూటిగా ఎవరూ నాతో నిజం చెప్పలేదు. నేనది అబద్ధమనుకున్నాను. ఆ నవ్వు చూసి, కొలిచేశాడు, బిగించేశాడు, పైగా నన్ను ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. తొట్టి విప్పి చూడొచ్చు. కానీ విప్పితే ఎందుకు విప్పుతున్నావంటాడు. ఏం చెప్పను? నిన్ను పట్టుకోవడానికని చెప్పనా? చాయ్ తాగాను. బిస్కెట్ కూడా తిన్నాను.

ఇంజిన్‌ను నెమ్మదిగా నడిపి చూశాం. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం కూడా నాకు సాక్ష్యంలాగే వినిపించింది. చూశావా, బిగించే ఉంచాడు అనుకున్నాను.

రేసు నాడు వికాస్ పూర్తి వేగం అందుకున్న కాసేపటికే రాడ్డు దిమ్మను చీల్చుకుని బయటికొచ్చింది. ఆయిల్ వెనక చక్రం కిందికి చిమ్మింది. కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. అతని ఎడమ పాదం నలిగిపోయింది. ఇప్పుడు వాళ్ల దుకాణంలో కూర్చుంటాడు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాడు. చూశాను, ఎదురుగా ఉన్న బస్టాపులోంచి.

పగిలిన ఇంజిన్‌ను షెడ్డుకు తెచ్చారు. జయరాజ్ కూర్చుని ముక్కలు ఏరాడు. ఆ రాడ్డు బోల్టులు రెండూ దొరికాయి. ఒకటి తెగిపోయింది, లాగిన బెల్లంపాకంలా నడుము సన్నబడి. రెండోది తెగలేదు. మర చుట్లు చెడలేదు. వదులై, తనంతట తానే ఊడి వచ్చింది. తల మీద పసుపు గీత అలాగే ఉంది. సరిగ్గా బిగించని బోల్టే అలా ఊడుతుందని ఈ పని తెలిసినవాడికి చెప్పక్కర్లేదు. జయరాజ్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నా వైపు చూడలేదు. తెగినదాన్ని బల్ల మీద పెట్టాడు, తెగనిదాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

వికాస్ వాళ్ల బాబాయి వచ్చి, మూసిందెవరని కేకలేశాడు. జయరాజ్, నేనే సార్ అన్నాడు. అంతే. ఆయన పక్కనే నేను నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ తర్వాత రేసులవాళ్లెవరూ జయరాజ్‌కు పని ఇవ్వలేదు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో జనరేటర్లు బాగుచేస్తాడు. నాకు పని తగ్గలేదు. నా గీతకు ఈ ఊళ్లో ఇంకా విలువుంది. గీసిన ప్రతిసారీ తుడిచి, మళ్లీ కొలిచి, మళ్లీ గీస్తాను. జాగ్రత్తపరుడినని మెచ్చుకుంటారు.

ఆ ఒక్క బోల్టును సగం దగ్గర ఆపింది నేనే. తెలిసి ఆపాను. ఈ వాక్యం ఎన్నడూ బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. క్షమాపణ అడగడం లేదు. వికాస్ పాదానికి అది ఏం చేస్తుంది? వెళ్లి అతనికీ చెబుతాను. అక్కడ నన్ను ఏమన్నా పడతాను.

కానీ జయా, నీతో నాకొక తగువుంది. మనిద్దరిలో మొదట నోరు తెరిచింది కూడా నేనే, చూశావా? ఆ బోల్టు నీ దగ్గరే ఉంది. నీకు తెలుసు. బల్ల మీద పెట్టి ఉంటే ఆ రోజే నా పని అయిపోయేది. ఎందుకు పెట్టలేదు? జాలా? లేక ఇలా ఏళ్ల తరబడి నన్ను నేనే తినాలనా? సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఎదురుపడితే బాగున్నవా అన్నా అని పోతావు. ఆ బాగున్నవాలో ఏముందో వెతుక్కుంటూ నేను వారం గడుపుతాను. నన్ను నమ్మి మూశావా, నిజంగా? లేక వదులుగా ఉందని చూసే మూశావా? ఒక్కసారి నోటితో చెప్పు.

ఈ రాతను మాత్రం నా గీతను నమ్మినట్టు నమ్మకు. చెయ్యి పెట్టి చూడు. చూసి, జవాబు చెప్పు.